ఎడమచేతి కట్టు

సోమవారం సాయంత్రం ఐదూ ఇరవైకి, కమలాపురం ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా, ఒక మోటార్‌సైకిల్‌ని వెనకనుంచి ఒక లారీ గుద్దింది. లారీ ఆగలేదు. చూసినవాళ్లు చెప్పిన ప్రకారం దాని నంబర్ ప్లేటు నిండా బురద ఉంది. ఆ మండలంలో వాన పడి మూడు నెలలైంది.

చనిపోయినవాడి పేరు భూపేష్. వయసు ముప్పై నాలుగు. సూపర్ కంప్యూటర్ సర్వర్ల లోపల కేబుళ్లు సర్దడం అతని పని. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అతని ఫోన్ మాత్రం దొరకలేదు.

బుధవారం ఉదయం హైదరాబాద్‌లో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ తలుపు మూయించాడు. ఎదురుగా నలభై రెండేళ్ల ఏసుమణి కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఇప్పటికి పదకొండు పేర్లు మార్చింది.

"త్రినేత్ర గురించి విన్నావా?"

"కడప జిల్లా. ఎర్రగుంట్ల అవతల పాత నాపరాయి క్వారీల మధ్య కట్టారు. వాతావరణ పరిశోధన."

"అది పైకి. లోపల ర్యాక్‌కి ఎనిమిది చొప్పున పేర్చిన తొంభై ఆరు సర్వర్లూ మన ఉపగ్రహాలకి దారి చూపిస్తాయి. మూడు వారాలుగా ఒక విదేశీ ఉపగ్రహం మన నిఘా ఉపగ్రహం కృత్తిక దగ్గరికి జరుగుతోంది. వచ్చే గురువారం మధ్యాహ్నం మూడూ యాభై రెండుకి గుద్దేంత దగ్గరికొస్తుంది. కృత్తిక ఎటు తప్పుకోవాలో త్రినేత్ర లెక్కగట్టి మూడూ నలభైకి చెప్పాలి. దాని చివరి కదలిక ఒంటిగంట దాటితే గాని తెలియదు, ఆ తరవాత రెండు గంటల పైచిలుకు యంత్రం పూర్తి బలంతో, ఫుల్ లోడ్‌లో నడవాలి. మధ్యలో ఒక్క సర్వర్ పడిపోయినా లెక్క మళ్లీ మొదటినుంచే."

"కృత్తిక పోతే?"

"ఉత్తర సరిహద్దు మీద మనకు నలభై రోజులు కళ్లుండవు. వాళ్లకు కావలసింది ఆ నలభై రోజులే."

చీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు. చనిపోవడానికి గంట ముందు భూపేష్, త్రినేత్ర డైరెక్టర్ నారాయణకి పంపిన మెసేజ్. 'సార్, ర్యాక్‌లో ఎవరో చెయ్యి పెట్టినారు. రేపొచ్చి చూపిస్తా.'

"ఏ ర్యాక్?"

"రాయలేదు. అతని స్థానంలో నువ్వు వెళ్తున్నావు. పేరు నాగలత. ఊరు గుంటూరు. నువ్వెవరో నారాయణకి ఒక్కడికే తెలుసు. ఇది పెట్టుకో."

చెవిటివాళ్లు పెట్టుకునే మిషన్ లాంటిది ఒకటి బల్ల మీద పెట్టాడు. దాంట్లోంచి చీఫ్ ఎప్పుడైనా మాట్లాడొచ్చు, ఆమె మాట వినొచ్చు.

"అక్కడ మన మనిషి ఒకరున్నారు. ఆ దేశం ఇక్కడ నడిపే ముఠాలో నాలుగేళ్లుగా మనకోసం పనిచేస్తున్న సోర్స్. కోడ్ నేమ్ నెమలి. గండికోటలో కలుస్తుంది. పెన్న ఈ ఏడు పారుతుందా అని అడుగు. పైనుంచి వదిలితే పారుతుంది అంటుంది."

ఏసుమణి తలూపింది. సీమలో, నందికొట్కూరులో పుట్టిన మనిషికి పెన్న గురించి అంతకంటే చెప్పేదేముంటుంది?

*

ఎర్రగుంట్లలో ఆమెకు అద్దెగది ఇచ్చిన కృష్ణవేణమ్మ మంచి మనిషి. చెవి మిషన్ చూసి మొదటి రోజునుంచే గట్టిగా అరిచి మాట్లాడేది.

"ఏమ్మా నాగలతా! వచ్చి నాలుగు దినాలాయ. మీవాళ్లెవురూ ఒక ఫోనన్నా చెయ్యరా?"

"చేస్తారండీ. పని టైములో చేస్తారు."

"ఎవురూ లేనోళ్లు కూడా అట్లే చెప్తారులేమ్మా. కూసో, రాగిసంగటి తిందువు."

ఆ ఇంటి మేడ మీద నిలబడితే తెల్లటి క్వారీ గుంటలూ, వాటి అంచున త్రినేత్ర పొడవాటి కప్పూ కనిపించేవి. ఆదివారం చర్చి గంట వినిపించింది. ఏసుమణి కాళ్లు వాటంతటవే మెట్లవైపు కదిలాయి. నాగలత చర్చికి వెళ్లదు. ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. నందికొట్కూరులో అక్క జీవమ్మ కూడా ఈపాటికి తెల్లచీర కట్టుకుని బయల్దేరి ఉంటుంది. చెల్లెలు మస్కట్‌లో ఆస్పత్రి పనిలో ఉందని ఆమె నమ్మకం. ఇద్దరూ మాట్లాడుకుని రెండేళ్లయింది. నూటయాభై కిలోమీటర్ల దూరం. ఎర్రబస్సు ఎక్కితే నాలుగు గంటలు. ఏసుమణి ఆ బస్సు టైములు కంఠతా పెట్టింది గాని ఎక్కలేదు.

పని మాత్రం ఆమెకు నచ్చింది. ఎనిమిదేళ్ల కిందట ఒక మిషన్ కోసం బెంగళూరులో ఆరునెలలు నేర్చుకున్న విద్య. సర్వర్ మూత తీస్తే ముందు ఫ్యాన్ల వరుస, దాని వెనక ఎనిమిది పెద్ద చిప్పులు, వాటి మధ్య పవర్ కేబుళ్లూ డేటా కేబుళ్లూ కలిపి నూటికి పైగా. ప్రతి కేబుల్‌నీ గోడవారగా నడపాలి. వంపులో విరగకూడదు, ఎక్కడా లాగినట్టుండకూడదు, ముఖ్యంగా ఫ్యాన్ గాలికి అడ్డం రాకూడదు. తనకు తానే అతుక్కునే వెల్క్రో పట్టీతో కట్టాలి. అతిగా బిగించకూడదు.

కానీ యంత్రం ఆగకుండా నడుస్తోంది. గురువారం లెక్క అయ్యేదాకా లోపలి మూతలు తీయడానికి అనుమతి లేదు. ఆ వారమంతా ఆమె ర్యాక్‌ల వెనక వేలాడే పవర్ తీగల్ని సర్దింది. ఒక్కో సర్వర్‌కి రెండేసి తీగలు. ఎవరి కాలో తగిలి ఊడిపోకుండా సర్వర్‌ని ముందుకు లాగేంత వదులు ఉంచి, ప్రతిదాన్నీ స్టీల్ క్లిప్‌తో ర్యాక్ చట్రానికి బిగించింది. భూపేష్ పనిసంచీ ఆమెకే ఇచ్చారు. అందులో తీగలు కోసే సైడ్ కట్టర్, వెల్క్రో చుట్ట, టార్చి, సగం అయిపోయిన పిప్పరమెంటు పొట్లం ఉన్నాయి. కట్టర్ పిడికి అతను సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్నాడు. ఆ రబ్బరు మీద వేళ్ల గుంటలు పడి ఉన్నాయి.

*

గండికోట అంచున టూరిస్టులు సెల్ఫీలు దిగుతున్నారు. ఎర్రరాతి లోయ అడుగున పెన్న సన్నగా మెరుస్తోంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మిరపపండు రంగు చీర కట్టుకున్న ఒకామె రాతి మీద కూర్చుని, ఫ్లాస్కులోంచి కాఫీ వంపుకుంటోంది. చుట్టుపక్కల మగవాళ్లు లోయకంటే ఆమెనే ఎక్కువ చూస్తున్నారు.

"పెన్న ఈ ఏడు పారుతుందా?" అంది ఏసుమణి.

"పైనుంచి వదిలితే పారుతుంది." ఆమె కళ్లద్దాలు తీసింది. "ఎట్లా ఉన్నావు, ఏసుమణీ?"

ఎదురుగా ఉన్నది శిల్ప. బెంగళూరు ల్యాబులో పక్కపక్క బల్లల మీద పనిచేసిన శిల్ప. కేబుల్ కట్టడంలో ఈమెను మించినవాళ్లు ఆ బ్యాచ్‌లో లేరు. తన అసలు పేరు ఒక మనిషి నోటినుంచి విని రెండేళ్లయింది. తల్లి పెట్టిన ఆ పేరు ఇంత చిన్నదా అనిపించింది ఆమెకి.

"నెమలి నువ్వేనా?"

"నేనే. పైకి మాత్రం సింగపూర్ కంపెనీ థర్మల్ కన్సల్టెంట్‌ని. త్రినేత్ర చల్లగా ఉందో లేదో చూడ్డం నా పని. కాఫీ తాగు." ఎడమచేత్తో కప్పు అందించింది. "విషయం విను. తొమ్మిదో ర్యాక్. నెట్‌వర్క్ కేబుల్ కనెక్టర్లో బియ్యపుగింజంత చిప్ పెట్టారు. గురువారం అది లెక్కని పాడుచేస్తుంది. ఆ ర్యాక్ ఒక్కటీ ఆపించి వెతకండి."

"భూపేష్ చూసింది అదేనా?"

"అయ్యుండాలి. పాపం."

పని మాట అయిపోయాక కూడా గంటసేపు కూర్చున్నారు. బెంగళూరు హాస్టల్లో కరెంటు పోయిన రోజుల గురించి నవ్వుకున్నారు. లేచేటప్పుడు శిల్ప ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మనలాంటివాళ్లకి మనమే కదా" అంది. తిరుగు బస్సులో ఏసుమణికి ఆ చెయ్యి వేసినచోట ఇంకా వెచ్చగానే అనిపించింది.

బుధవారం తొమ్మిదో ర్యాక్ ఆపి వెతికారు. మూడో కనెక్టర్లో చిప్ దొరికింది. డైరెక్టర్ నారాయణ చేతులు జోడించాడు. చెవిలో చీఫ్ గొంతు తేలిగ్గా వినిపించింది. "మిషన్ క్లోజ్డ్. రేపు మధ్యాహ్నం బస్సుకి వచ్చెయ్."

*

గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకి త్రినేత్రలో లెక్క మొదలైంది. అదే సమయానికి ఏసుమణి కమలాపురంలో భూపేష్ ఇంటి గడప ముందు నిలబడి ఉంది. పనిసంచీ ఇచ్చేసి బస్సెక్కాలి. అంతే.

తలుపు తీసిన శివానికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సంచీ చూసి గడపమీదే కూర్చుండిపోయింది.

"ఆయన జాగాలో వచ్చింది నువ్వేనా అక్కా?"

"నేనే."

"ఆ పొద్దు ఫోన్లో శానా కోపంగా ఉన్న్యాడక్కా. నేను కట్టింది ఇప్పేసి ఎవురో మళ్లా కట్టినారు, చూడ్డానికి నాకంటే బాగా కట్టినారు అంట్యాండె. బాగుంటే మంచిదే గదా అన్న్యా. నీకేం తెల్సు అని ఫోటో పంపించినాడు. నాకేమర్థమైతాది? బాగుండాదని పెట్న్యా. అదే ఆఖరు మాట."

ఏసుమణి గడపమీద ఆమె పక్కనే కూర్చుంది. "ఫోటో పంపినాడా? పోలీసులు అడగల్యా?"

"నన్నెవురడిగినారక్కా? సంతకం పెట్టించుకోని పోయినారు." శివాని తలెత్తి ఆమెను తేరిపార చూసింది. "నువ్వు గుంటూరని చెప్పినారే. నీ మాట మాపక్క మాట."

ఏళ్ల తరబడి నోట్లో పెట్టి తాళం వేసుకున్న యాస అది. ఎప్పుడు బయటపడిందో ఏసుమణికే తెలియలేదు. "ఔ. మాది ఈ పక్కే. ఆ ఫోటో చూపీమ్మా."

ఫోటోలో, అంచున కనిపిస్తున్న అంకె ప్రకారం, నాలుగో ర్యాక్ సర్వర్ ఒకటి మూత తీసి ఉంది. లోపల కేబుళ్లు జడ అల్లినట్టు ఉన్నాయి. అంత అందమైన కట్టు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ జడ గోడవారగా కాకుండా ఫ్యాన్ల వరుసకి అడ్డంగా, ఈ చివరినుంచి ఆ చివరికి పరుచుకుని ఉంది. చూసేవాళ్లకి ముచ్చట. గాలికి గోడ.

ఆమె ఫోటోని పెద్దది చేసింది. చిప్పుల వెనక ఉండి వేడి కొలవాల్సిన సెన్సర్, చిక్కుడుగింజంత ముక్క, ఫ్యాన్ల ముందు చల్లగాలిలో ఉంది. అది చల్లగా ఉందని చెప్పినంతకాలం ఫ్యాన్లు నిదానంగానే తిరుగుతాయి. మామూలు పనికి ఏమీ కాదు. ఫుల్ లోడ్ రెండు గంటలు నడిస్తే చిప్పులు వేడెక్కి, తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. తరవాత ఎవరు వెతికినా దొరికేది కాస్త నిర్లక్ష్యంగా కట్టిన కేబుళ్లు మాత్రమే.

చివరిగా వెల్క్రో పట్టీలు చూసింది. కుడిచేత్తో చుట్టే మనిషి పట్టీ కొస కుడివైపు తేలుతుంది. ఇక్కడ ప్రతి కొసా ఎడమవైపే ఉంది.

కాఫీ కప్పు అందించిన ఎడమచెయ్యి ఆమె కళ్లముందు కదిలింది. తొమ్మిదో ర్యాక్‌లో చిప్ ఎందుకంత సులువుగా దొరికిందో అర్థమైంది.

"ఏందక్కా? అట్లైపోయినావు?"

"తెలిసినామె చేతిపని."

శివాని లేచి సంచీని ఆమె చేతికే తిరిగి ఇచ్చింది. "అట్లైతే ఇది నాకెందుకు? పోయి కోసెయ్యక్కా."

*

ఆటో త్రినేత్ర గేటు చేరేసరికి మూడూ అయిదు. చెవిలో చీఫ్ అంటున్నాడు. "శిల్పా? నాలుగేళ్ల సోర్స్ అది! నీకు ఖాయమేనా?"

"నేను తప్పైతే ఉద్యోగం తీసెయ్యండి. ముందు గేట్లు మూయించండి, ఆమె లోపలే ఉంటుంది."

కంట్రోల్ రూమ్ తెరమీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆమె నారాయణని రెక్క పట్టుకుని నాలుగో ర్యాక్ వెనక్కి తీసుకెళ్లింది. రావాల్సినంత గాలి రావడం లేదు. వచ్చే కొంచెం గాలీ పొయ్యి మీదనుంచి వచ్చినట్టుంది.

"చిప్పుల అసలు టెంపరేచర్ తియ్యండి."

నారాయణ చేతిలోని చిన్న తెర మీద తట్టాడు. "ఎనభై తొమ్మిది. తొంభై అయిదుకి ట్రిప్ అయి ఆగిపోతాయి. అయ్యో, ఫ్యాన్లు ఫుల్‌కి పెట్టేస్తా." కమాండ్ కొట్టాడు. తెర ఒప్పుకోలేదు. "పాస్‌వర్డ్ నిన్ననే మార్చిందమ్మా ఆ కన్సల్టెంటు! సెక్యూరిటీ కోసమనె!"

"లెక్క ఆపితే?"

"మళ్లా రెండు గంటలు. కృత్తిక అప్పటికి ఉండదు."

"ఎనిమిది సర్వర్లు. నడుస్తుండగానే తెరుస్తాను. మూత తీసినాక రెండు నిమిషాలకు మించి తట్టుకోవు. మీరు టైము చెప్తా ఉండండి."

మొదటి సర్వర్‌ని పట్టాల మీద ముందుకు లాగి మూత తీసింది. వేడి మొహానికి కొట్టింది. నడుస్తున్న సర్వర్లో కట్టర్ మొన ఒక్క తీగకి తగిలినా అంతా అయిపోయినట్టే. సైకిల్ ట్యూబు చుట్టిన పిడిలో భూపేష్ వేళ్ల గుంటల్లోకి ఆమె వేళ్లు సరిగ్గా దిగాయి. ఒక పట్టీ. రెండు. మూడు. జడ విడిపోయింది. కేబుళ్లని గుప్పెళ్లతో పక్కగోడకి నొక్కి కట్టింది. సెన్సర్‌ని తీసి చిప్పుల వెనక దోపింది.

ఫ్యాన్లు ఒక్కసారిగా గర్జించాయి.

"నిమిషం నలభై!" అరిచాడు నారాయణ. మూత పడింది.

రెండోది. మూడోది. వేళ్ల చివర్లు కాలి బొబ్బలెక్కాయి. అయిదోదాంట్లో తీగ ఒకటి ఫ్యాన్ రెక్కకి తగిలి టకటకమంది. దాన్ని గోటితో పక్కకి తప్పించింది. ఏడోది మూసేసరికి మూడూ ఇరవై తొమ్మిది. ర్యాక్ అంతా హోరెత్తుతోంది, అడుగున ఉన్న ఒక్క సర్వర్ తప్ప. దాని వేడి తొంభై మూడు.

ఆమె నేలమీద కూర్చుని ఎనిమిదోదాన్ని లాగింది. ర్యాక్ సందుల్లోంచి, వెనకవైపు, మిరపపండు రంగు చీర అంచు కనిపించింది.

"ఏసుమణీ," అంది శిల్ప. "చేతులు తియ్యి. కాల్చుకుంటావు."

ఏసుమణి ఆగలేదు. మొదటి పట్టీ కోసింది.

"భూపేష్‌ని ఎందుకు చంపించావు?"

"లారీ సంగతి నాకు తెలీదు. తరవాత తెలిసింది."

"తెలిసినాక కూడా పని ఆపలేదుగా?" రెండో పట్టీ.

"నాలుగేళ్లు వాళ్లలో ఉన్నాను. వాళ్లు ప్రతి ఏడూ నా పుట్టినరోజుకి ఫోన్ చేస్తారు. మన శాఖలో నా పుట్టినరోజు ఎవరికైనా తెలుసా? నీది తెలుసా? నువ్వు చచ్చిపోతే ఏ పేరుతో పూడుస్తారో అదైనా తెలుసా?" శిల్ప గొంతు హోరులో కూడా మెత్తగా వినిపించింది. "నాతో వచ్చెయ్. ఈ దేశంలో నిన్ను నీ పేరుతో పిలిచేదాన్ని నేనొక్కదాన్నే."

అది అబద్ధం కాదు. అదే బాధ. ఏసుమణి చెయ్యి ఒక్క క్షణం గాల్లో నిలిచిపోయింది.

"నిమిషం ఇరవై!" నారాయణ గొంతు చీరుకుపోయింది.

ఆమె మూడో పట్టీ కోసింది.

శిల్ప కిందికి వంగింది. వెనకనుంచి సర్వర్ పవర్ తీగల్ని రెంటినీ పట్టుకుని ఒక్క లాగు లాగింది. మొదటి క్లిప్ వంగి తీగ ఊడొచ్చింది. ఎర్రలైటు వెలిగింది. రెండోది రాలేదు. మళ్లీ లాగింది. ర్యాక్ కదిలింది గాని తీగ కదల్లేదు. ఆ ఒక్క తీగ మీదే సర్వర్ నడుస్తోంది.

ఏసుమణి సెన్సర్‌ని వెనక్కి దోపింది. ఎనిమిదో వరుస ఫ్యాన్లు గర్జించాయి. మూత వేసి, సర్వర్‌ని లోపలికి తోసి, చుట్టూ తిరిగి వెనకవైపుకి పరుగెత్తింది.

శిల్ప ఇంకా ఆ తీగని పట్టుకునే ఉంది. అరచేయి తెగి రక్తం కారుతోంది. ఏసుమణి ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టి వదిలించింది. శిల్ప పెనుగులాడలేదు. నారాయణ చేతిలోని తెరమీద తొంభై మూడు తొంభై రెండయింది. ఎనభై ఎనిమిదయింది. మూడూ ముప్పై తొమ్మిదీ యాభై ఒక్క సెకన్లకి లెక్క పూర్తయింది. ఆకాశంలో కృత్తిక పదకొండు సెకన్లపాటు ఇంజను మండించి పక్కకి తప్పుకుంది. విదేశీ ఉపగ్రహం ఆరువందల మీటర్ల దూరంలో దాటిపోయింది.

గార్డులు వచ్చారు. శిల్ప తెగిన అరచేతిని చీరకొంగులో చుట్టుకుంటూ, ర్యాక్ వెనక వరుసగా బిగించిన తీగల్ని చూసింది.

"ఎనిమిదేళ్లలో బాగా నేర్చుకున్నావు, ఏసుమణీ."

ఆమెను తీసుకెళ్లాక హాల్లో ఫ్యాన్ల హోరు ఒక్కటే మిగిలింది. ఏసుమణి కాలిన వేళ్లని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నేలమీదే కూర్చుంది. ఆ పేరుతో పిలవడానికి ఇంక దగ్గర ఎవరూ లేరు.

*

"బ్రహ్మాండం," అన్నాడు చీఫ్ చెవిలో. "లారీవాడు తాడిపత్రి దగ్గర దొరికాడు. ముఠాలో మిగతా ముగ్గురూ చెన్నై ఎయిర్‌పోర్టులో. రిపోర్టులో నీ పేరు ఉండదు, తెలుసుగా."

"ఒక సందేహం సార్. నేను పోతే ఏ పేరుతో పూడుస్తారు?"

"కనుక్కుని చెప్తాను," అన్నాడు చీఫ్.

సాయంత్రం కమలాపురం వెళ్లి శివాని దగ్గర కూర్చుంది. ఏం చెప్పకూడదో ఆమెకు తెలుసు. అందుకని చెప్పగలిగింది ఒక్కటే చెప్పింది. "మీ ఆయన కట్టిందే సరైన కట్టమ్మా. మళ్లా అట్లే కట్టొచ్చినా." శివాని ఆమె బొబ్బలు చూసి, ఏమీ అడక్కుండా లోపలికి పోయి కొబ్బరినూనె తెచ్చి రాసింది.

మర్నాడు పొద్దున గది ఖాళీ చేస్తుంటే ఆమెను పనికి పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజర్ పంపిన రిలీవింగ్ లెటర్ వచ్చింది. జరిగినదేమీ తెలియని మనిషి. ఉద్యోగి పేరు, నాగలత. స్వస్థలం, గుంటూరు. అడుగున చేతిరాతతో ఒక ముక్క ఉంది: 'పని బాగుంది. మనుషులతో కలవదు.'

ఏసుమణి ఆ ముక్కని రెండుసార్లు చదివింది. పంతొమ్మిదేళ్ల సర్వీసులో తన గురించి ఎవరైనా కాగితం మీద పెట్టిన మొదటి నిజం అదే.